నలభై తొమ్మిది కిలోల కీచురాయి

నేను ఒక కాటాను. ఎవరి మొహమూ చూసి తూచను. నాకున్న గొప్ప అంతే, నాకున్న చెడ్డపేరు కూడా అందువల్లే. నా మీద ఎక్కిన మనిషి దిగేటప్పుడు నన్ను తిట్టకుండా దిగడం చాలా అరుదు. "ఇది చెడిపోయింది" అంటాడు. తన నడుము సంగతి మాత్రం ఎత్తడు.

మెక్సికో దేశానికి ఉత్తరాన మోంటెరే అనే ఊరుంది. అక్కడ ఇనుము కరిగించే ఫౌండ్రీలో నేను పుట్టాను. అడుగున మనిషి నిలబడేంత పలక, దాని వెనక ఛాతీ ఎత్తు ఇనుప స్తంభం, స్తంభం నెత్తిన అంకెలు చెక్కిన ఇత్తడి దండె, దండె మీద అటూ ఇటూ జారే గుండు. ఇదీ నా ఒళ్ళు. గుండును జరుపుతూ పోతే దండె ఎక్కడ ఏ వైపూ ఒరగకుండా గాలిలో నిలుస్తుందో అదే బరువు. ఇందులో దాపరికం ఏమీ లేదు. అయినా మనుషులు నా ముందుకొచ్చేసరికి ఊపిరి బిగబడతారు, పొట్ట లోపలికి లాక్కుంటారు. పొట్ట ఎక్కడికి లాక్కున్నా అది వాళ్ళ దగ్గరే ఉంటుందన్న సంగతి ఒక్కరికీ తట్టదు.

మొదట నన్ను తొరెయోన్ రైల్వే స్టేషన్‌లో పార్సిళ్ళ గదికి పంపారు. తొరెయోన్ ఎడారిలో పుట్టిన ఊరు. చుట్టూ పత్తి చేలు, మధ్యలో పట్టాలు, మధ్యాహ్నం అయితే చాలు ఎర్రటి దుమ్ము. అక్కడ పత్తి బేళ్ళూ ట్రంకు పెట్టెలూ మోశాను. తరవాత కొత్త మిషన్లు వచ్చాయి, నేను మొక్కజొన్న పిండి మరకి చేరాను. అక్కడ నా పలక మీద ఎప్పుడూ తడి పిండి వాసనే. ఆ వాసన నాకు ఇష్టం. నా కథ కూడా చివరికి ఆ వాసన దగ్గరికే వస్తుంది.

మర మూతపడ్డప్పుడు నన్ను తోపుడుబండి మీద వేసుకుని ఎండలో తోసుకుంటూ తీసుకుపోయినవాడు దోన్ నబోర్. అక్కడ పెద్దవాళ్ళని గౌరవంగా దోన్ అంటారు. ఒకప్పుడు పత్తి దాచిన గోడౌన్‌లో ఆయన బాక్సింగ్ నేర్పేవాడు. ముక్కు రెండుచోట్ల వంగిపోయిన మనిషి, గొంతు మాత్రం మెత్తన. నన్ను రింగు పక్కన నిలబెట్టి, దండెను చొక్కా అంచుతో తుడిచి, శిష్యులందరినీ పిలిచాడు.

"ఇదిగో, ఈ ఇంట్లో అబద్ధం ఆడని మనిషి ఇదొక్కటే. దీనికి దండం పెట్టుకుని ఎక్కండి" అన్నాడు.

వాళ్ళు నవ్వుతూనే దండం పెట్టారు. పార్సిళ్ళ గదిలో నాకెవరూ దండం పెట్టలేదు. నేను కాస్త ఉబ్బిపోయిన మాట నిజం.

బాక్సర్ల లోకంలో మనిషికి పేరు తరవాత, బరువు ముందు. పేరు చెప్పేలోపే ఏ తరగతి అని అడుగుతారు. చిన్న బరువుల్లో ఈ తరగతులు మరీ ఇరుకైన మెట్లు. లైట్ ఫ్లైవెయిట్ అంటే నలభై తొమ్మిది కిలోలు. ఫ్లైవెయిట్ యాభై ఒకటికి కాస్త ఇటు. సూపర్ ఫ్లై యాభై రెండు దాటితే. బాంటమ్ యాభై మూడున్నర. ఒక మెట్టుకీ ఇంకో మెట్టుకీ మధ్య తేడా ఒక పుచ్చకాయంత కూడా ఉండదు. ఆ పుచ్చకాయ కోసం మనుషులు ఏడవడం నేను చూశాను.

అర్నుల్ఫో సెపేదా మొదటిసారి నా మీద ఎక్కినప్పుడు అతనికి పదిహేడేళ్ళు. కూరగాయల మార్కెట్లో ఉల్లిపాయల బస్తాలు మోసేవాడు. ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా వాగుతూనే ఉన్నాడు: బస్తా బరువు, మార్కెట్లో కుక్క, ఎవరో తగిలించిన దెబ్బ, తాను తిరిగి తగిలించిన దెబ్బ. దోన్ నబోర్ గుండు జరిపి, "నలభై తొమ్మిది. నోరు తీసేస్తే నలభై అయిదు" అన్నాడు. ఆ రోజే అతనికి గ్రియో అని పేరు పడింది. వాళ్ళ భాషలో గ్రియో అంటే కీచురాయి.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. నేను ఒక్క పోటీ కూడా చూడలేదు. రింగుల్లో మోగిన గంటలు, జనం కేకలు నాకు తెలియవు. పోటీకి ముందు మనిషి, పోటీ తరవాత మనిషి, ఇంతే నాకు తెలుసు. గెలిచినవాడు నా మీదికి ఎగిరి ఎక్కుతాడు. ఓడినవాడు ముందు ఒక కాలు పెట్టి ఆగుతాడు. గ్రియో చాలా ఏళ్ళు ఎగిరే ఎక్కాడు. ఊళ్ళో గెలిచాడు, తరవాత రాష్ట్రంలో, తరవాత దేశంలో. చివరికి లైట్ ఫ్లైవెయిట్ ప్రపంచ బెల్టు తెచ్చి, నేను ఎంత తూస్తానో చూద్దామని నా పలక మీద పెట్టాడు. ఆ బెల్టు అసలు బరువు చెబితే మీరు నవ్విపోతారు. అందుకే చెప్పను.

అయితే బెల్టు వచ్చాక ఒళ్ళు కూడా వచ్చింది. ఇరవై నాలుగేళ్ళ మగవాడికి రాకుండా ఎలా ఉంటుంది? భుజాలు విచ్చుకున్నాయి, మెడ బలిసింది. కూకా అనే అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. కూకా వాళ్ళమ్మ గోడౌన్ గేటు ముందే తమాలేలు అమ్మేది. తమాలే అంటే మొక్కజొన్న పిండిలో ఎర్ర మిరపకాయల మాంసం కూర పెట్టి, మొక్కజొన్న పొట్టులో చుట్టి ఆవిరి మీద ఉడికించేది. మీ కుడుము లాంటిదే అనుకోండి, కాకపోతే కారంగా ఉంటుంది. అత్తగారి గంగాళం గేటు ముందు ఉడుకుతుంటే, అల్లుడు లోపల ఒళ్ళంతా చెమట పట్టేలా ప్లాస్టిక్ చొక్కా తొడుక్కుని తాడు ఎగిరేవాడు. ప్రతి పోటీకీ నాలుగు కిలోలు దించాలి. నీళ్ళు కూడా పుక్కిలించి ఊసేయడమే.

"మాస్టారూ, ఫ్లైవెయిట్‌కి వెళ్దామండీ. ఈ తరగతి నాకు పిల్లప్పటి చొక్కాలా అయిపోయింది" అని గ్రియో ఎన్నిసార్లు అడిగాడో.

దోన్ నబోర్‌ది ఒకటే మాట. "ఈ కింద తరగతిలో నువ్వే పెద్దవాడివి రా. పైకి పోతే అక్కడ నువ్వు చిన్నవాడివి. చిన్నవాణ్ణి ఏం చేస్తారో నేను చూశాను."

ఆయన చూసింది సొంత తమ్ముణ్ణి. అతని పేరు తోర్కువాతో, అతనూ బాక్సరే. ఆకలికి తట్టుకోలేక పై తరగతికి వెళ్ళాడు. అక్కడ ఒక పోటీలో పడ్డాడు. లేచాడు కానీ, ఆ తరవాత అతనికి ఎవరి పేరూ నిలవలేదు. పోయేదాకా అన్నగారింట్లోనే ఉన్నాడు, అన్నగారిని పోస్టుమేన్ అనుకుంటూ. అందుకే దోన్ నబోర్‌కి ఆకలంటే భయం లేదు. దెబ్బంటేనే భయం. ఆయన గ్రియోని మాడ్చింది ప్రేమతోనే. ప్రేమతో మాడ్చినా కడుపు కడుపే కదా!

ఆ ఏడాది సంగతి ఇప్పుడు చెప్పాలి. ఫిబ్రవరి చివర్లో గ్రియో బెల్టు నిలబెట్టుకునే పోటీ ఉంది. జనవరి మొదట్లో, బాల ఏసుని కానుకలతో చూడవచ్చిన ముగ్గురు రాజుల పండుగ వచ్చింది. ఆ రోజు మెక్సికోలో ప్రతి ఇంట్లో, ప్రతి ఆఫీసులో రోస్కా కోస్తారు. రోస్కా అంటే గుండ్రంగా పెద్ద దండలా చేసిన తీపి రొట్టె. పైన రంగురంగుల పళ్ళ ముక్కలు అద్దుతారు, లోపల ఎక్కడో వేలి కొసంత బాల ఏసు బొమ్మ దాస్తారు. ఎవరి ముక్కలో బొమ్మ వస్తే వాళ్ళు ఫిబ్రవరి రెండున, కందెలారియా పండుగనాడు, అందరికీ తమాలేలు పెట్టాలి. దైవం వరించినట్టే లెక్క. అయినా బొమ్మ పంటికి తగలగానే దవడ కింద దాచేసి అమాయకంగా మొహం పెట్టేవాళ్ళే ఎక్కువ. దేవుడి మీద భక్తి వేరు, ముప్ఫైమందికి వండడం వేరు.

గోడౌన్‌లో రోస్కా నా పలక మీదే పెట్టి కోయడం ఆచారం. అది తెచ్చేది దోన్ ప్రిమితీవో బేకరీ నుంచి. ఆయనా దోన్ నబోరూ సాయంత్రాలు చుక్కల బిళ్ళలతో డామినో ఆడే స్నేహితులు. దోన్ నబోర్ అందరికీ ముక్కలు కోసి, గ్రియోకి మాత్రం రెండు వేళ్ళ వెడల్పు ముక్క ఇచ్చాడు. "ఇది పండుగ కోసం, కడుపు కోసం కాదు" అన్నాడు. అంత చిన్న ముక్క నా లెక్కలోకి కూడా రాదు. గ్రియో దాన్ని ఎప్పుడు నోట్లో పెట్టుకున్నాడో, ఎప్పుడు మింగాడో ఎవరూ చూడలేదు.

రొట్టె అయిపోయింది. బొమ్మ ఎవరికీ రాలేదు. ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. దోన్ నబోర్ అందరి నోళ్ళూ తెరిపించి, టార్చి లైటు వేసి మరీ చూశాడు. ఊడిన పళ్ళు కనిపించాయి కానీ బొమ్మ కనిపించలేదు. చివరికి ఆయన కోపం బేకరీ మీదికి మళ్ళింది. టోపీ పెట్టుకుని బయల్దేరాడు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే తిరిగొచ్చాడు, మొహం జేవురించి. దోన్ ప్రిమితీవో తన చేత్తో బొమ్మ పెట్టానని తల్లి మీద ఒట్టేశాడట. ఈయన "నువ్వు పీనాసివి" అన్నాడట. ఆ సాయంత్రం డామినో లేదు. మర్నాడూ లేదు. ముప్ఫై ఏళ్ళ స్నేహం వేలి కొసంత ప్లాస్టిక్ ముక్క దగ్గర తెగిపోయింది.

రోజులు గడిచినకొద్దీ నాకు ఇంకో సంగతి తెలిసింది. గ్రియో మాట్లాడడం మానేశాడు. ఎక్కేవాడు, దిగేవాడు, అంతే. అతని బరువు తగ్గుతోందని అందరూ సంతోషించారు. ఏం తగ్గుతోందో నేను తూచగలను కానీ చెప్పలేను. మాటలు తగ్గిపోతున్నాయని అరవాలనిపించింది. ఇనుముకి నోరుండదు.

ఫిబ్రవరి రెండు వచ్చింది. గోడౌన్‌లో తమాలేలు లేని కందెలారియా అదే మొదటిసారి. బయట కూకా, వాళ్ళమ్మ కూర్చున్న చోటు నుంచి గంగాళం ఆవిరి మాత్రం గేటు సందుల్లోంచి లోపలికి వస్తోంది. గ్రియో ప్లాస్టిక్ చొక్కాలోంచి చెమట కారుస్తూ వచ్చి, చొక్కా విప్పి నా మీద ఎక్కాడు. దోన్ నబోర్ గుండు జరిపాడు. ఇంకా కిలోన్నర ఎక్కువే. "మధ్యాహ్నం మళ్ళీ పరిగెత్తాలి" అన్నాడు. గ్రియో తల ఊపాడు. ఊపిన తల ఆగలేదు. రెండు చేతులతో నా స్తంభాన్ని వాటేసుకున్నాడు. అతని గుండె చప్పుడు నా ఇనుములోకి వినిపించింది, తలుపు కొడుతున్నట్టు.

"మాస్టారూ" అన్నాడు, కళ్ళు మూసుకునే. "ఆ బొమ్మ నా ముక్కలోనే వచ్చిందండీ."

దోన్ నబోర్ మొహం ఎర్రబడింది. "దాచేశావా? ముప్ఫైమందికి తమాలేలు పెట్టడానికి నీకు చేతులు రాలేదా? నీ మూలంగా నేను ప్రిమితీవోతో తగువు పెట్టుకున్నాను కదరా!"

"దాచలేదండీ. మింగేశాను. గొంతులో గట్టిగా తగిలేదాకా నాకే తెలీదు. నమిలేదాకా ఆగలేకపోయానండీ."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తరవాత గోడౌన్ అంతా గొల్లున నవ్వింది. ప్రపంచ ఛాంపియన్ బాల ఏసుని గుటుక్కున మింగేశాడు! ఒకడు గుద్దులు సాధన చేసే సంచి పట్టుకుని నవ్వాడు, ఒకడు రింగులో పడి దొర్లాడు. దోన్ నబోర్ కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ గ్రియో మెడ కింద ఎముకల గుంటలు చూశాడు. నవ్వు ఆగిపోయింది. మొహం అలాగే ఉండిపోయింది, నవ్వు మాత్రం లేదు.

"అంత ఆకలా?" అన్నాడు.

దోన్ నబోర్ అందరి వైపూ తిరిగాడు. "ఈ కీచురాయి కూసి ఎన్నాళ్ళయిందిరా? మీలో ఒక్కరైనా నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు. ఎవరిని అడుగుతున్నాడో ఆయనకే తెలియదు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే దాచుకోకుండా నా దగ్గరికొచ్చి, గుండును వేలితో కుడివైపుకి తోశాడు. ఫ్లైవెయిట్ గీత దగ్గర ఆపాడు. తమ్ముణ్ణి తలచుకున్నాడని నాకు అనిపించింది.

"బెల్టు పోతుందండీ మాస్టారూ."

"బెల్టు నడుముకి కట్టుకునేది రా. నడుమే లేకపోతే దేనికి కడతావు? కూకా! అమ్మని ఆ గంగాళం లోపలికి తెమ్మను!"

ఆ రోజు గ్రియో ఎన్ని తిన్నాడో నాకు తెలుసు, తిన్నాక మళ్ళీ ఎక్కాడు కాబట్టి. చెప్పను, అది మా ఇద్దరి మధ్య. నాలుగోది తింటూ ఉండగా మాటలు మొదలయ్యాయి. ఆరోదానికి ఎవరూ అతని నోరు మూయించలేకపోయారు. బొమ్మ వచ్చినవాడు తానే కాబట్టి, ఈ ఏడు అత్తగారు పెట్టారు కాబట్టి, తన బాకీ అలాగే ఉందనీ, ఇక బతికున్నన్నాళ్ళూ ప్రతి కందెలారియాకీ తానే పెడతాననీ మాటిచ్చాడు. దోన్ నబోర్ టోపీ పెట్టుకుని బేకరీకి వెళ్ళాడు, క్షమాపణ చెప్పుకోవడానికి. తిరిగొచ్చినప్పుడు ఆయన చంకలో డామినో పెట్టె ఉంది.

పత్రికలవాళ్ళు గ్రియో భయపడి బెల్టు వదిలేశాడని రాశారు. వాళ్ళని ఎవరూ నా మీద ఎక్కించరు, అదే నా బాధ.

ఫ్లైవెయిట్‌లో మొదటి పోటీకి వెళ్ళేముందు దోన్ నబోర్ గుమ్మం దగ్గర ఆగి నా స్తంభం మీద చెయ్యి వేశాడు. వారం తరవాత గ్రియో ఎగిరి నా మీద ఎక్కాడు, ఒక కన్ను వాచి, నోరు ఆగకుండా. అక్కడా బెల్టు గెలిచాడు. కొన్నేళ్ళకి సూపర్ ఫ్లైకి వెళ్ళాడు. మొదటిసారి ఒక కాలు పెట్టి ఆగాడు, రెండోసారి ఎగిరి ఎక్కాడు. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ నా పలక వెచ్చగా అవుతుంది. చెమట, తోలు గ్లవ్స్, బయట గంగాళం ఆవిరి, గోడకి ఆనుకుని అరిచే రేడియో. ఒక చిన్న కిలో ఎక్కినందుకు ఒక మనిషి ఎంత సంతోషంగా ఉండగలడో నేను ఆ గోడౌన్‌లోనే చూశాను.

బాంటమ్ మాత్రం అచ్చిరాలేదు. అక్కడ దోన్ నబోర్ చెప్పినట్టే అతను చిన్నవాడు, పైగా ముప్ఫై నాలుగేళ్ళవాడు. ఒక పోటీలో దెబ్బల వాన మధ్య దోన్ నబోర్ ఓటమి ఒప్పుకుంటూ రింగులోకి తువాలు విసిరి ఆపించేశాడు. గ్రియోకి పౌరుషం వచ్చింది. నేను లేచేవాణ్ణి, మీరే నన్ను ఓడించారని గోడౌన్ అదిరేలా అరిచి వెళ్ళిపోయాడు. నెలల తరబడి రాలేదు. రోస్కా అతను లేకుండానే కోశారు. కందెలారియానాడు దోన్ నబోర్ పొద్దుటి నుంచి గేటు వైపు చూడనట్టు చూస్తూ కూర్చున్నాడు. మధ్యాహ్నం గ్రియో గంగాళం మోసుకుంటూ వచ్చాడు. మొహం మాడ్చుకుని, మాటా పలుకూ లేకుండా దాన్ని నా పక్కన దించాడు. దోన్ నబోర్ ఒక తమాలే విప్పి కొరికాడు.

"ఉప్పు తక్కువైంది" అన్నాడు.

"తక్కువేంటండీ! నేనే రుచి చూశాను! మీ నాలుక చచ్చిపోయింది మాస్టారూ, అది మీ తప్పు కానీ పిండి తప్పు కాదు..." కీచురాయి మొదలుపెట్టింది. సాయంత్రం దాకా ఆగలేదు. ఉప్పు సరిగ్గానే ఉందని తిన్నవాళ్ళందరూ అన్నారు.

గ్రియో మళ్ళీ రింగెక్కలేదు. అత్తగారి గంగాళం పక్కన ఇంకో రెండు గంగాళాలు పెట్టాడు. అది దుకాణమయింది. గోడౌన్ కూలగొట్టిన రోజు, పాత ఇనుము కొనేవాడు నా మీద చెయ్యి వేసేలోపు, గ్రియో తోపుడుబండి తెచ్చి నన్ను ఎక్కించాడు. ఇప్పుడు నేను అతని దుకాణంలో తడి పిండి తూస్తున్నాను. అతను కూడా అప్పుడప్పుడు ఎక్కుతాడు. అతని తరగతి ఇప్పుడు బాక్సింగ్ పుస్తకాల్లో, అందరికంటే బరువైనవాళ్ళుండే చివరి పేజీలో ఉంటుంది.

ఆఖరి సంగతి చెప్పి ముగిస్తాను. ఒక కందెలారియానాడు దోన్ నబోర్ దుకాణానికి వచ్చాడు, కర్ర పట్టుకుని. జబ్బు ఆయన్ని లోపల్నుంచి తింటోంది. బరువు పెరిగితే తప్ప మందు ఎక్కదని డాక్టరు చెప్పాడట. గ్రియో ఆయన్ని జాగ్రత్తగా నా మీద ఎక్కించి, తాను వెనక నిలబడి గుండు జరిపాడు. "చూశారా మాస్టారూ! యాభై రెండు! పోయిన నెల కంటే ఎక్కారు!" అన్నాడు, గట్టిగా, సంతోషంగా.

ముసలాయన వెనక్కి తిరిగి చూడలేదు. జీవితమంతా శిష్యుల దొంగతనాలు పట్టినవాడు ఆయన.

"కాలు తియ్యి గ్రియో" అన్నాడు.

గ్రియో నా పలక అంచు మీద నొక్కి పెట్టిన బొటనవేలు మెల్లగా తీశాడు. గుండు వెనక్కి జరపడానికి అతనికి చేతులు రాలేదు. దోన్ నబోరే జరుపుకున్నాడు. దండె ఊగి ఊగి నిలబడింది. నలభై తొమ్మిది. ముందు నవ్వింది ముసలాయనే.

"సరిగ్గా తరగతిలో ఉన్నాను. రేపు రింగులోకి దిగొచ్చు. ఈ కింద తరగతిలో నేనే పెద్దవాణ్ణి."

గ్రియో మొహం చేత్తో తుడుచుకుని, గంగాళంలోంచి ఒక తమాలే తీసి, పొట్టు ఒలిచి, ఊది ఊది చల్లార్చి ఆయన చేతిలో పెట్టాడు. "ముందు ఇది తినండి మాస్టారూ. పై తరగతికి వెళ్దురుగాని" అన్నాడు.

దోన్ నబోర్ సగం తిన్నాడు. ఈసారి ఉప్పు సంగతి ఎత్తలేదు.

ఆయన వానలకి ముందే పోయాడు. ఇప్పుడు ప్రతి కందెలారియాకీ గ్రియో మొదటి తమాలేని తెచ్చి నా పలక మీద పెడతాడు. అంత చిన్న వస్తువు నా లెక్కలోకి రాదని మీకు ముందే చెప్పాను. అయినా దండె కదిలిందని అంటాడు గ్రియో. నేను కాదనను.